పసుపు ఎర్రబడే చోట ఫోటో పుడుతుంది

పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి కోసం పసుపులో కాస్త సున్నం కలుపుతారు. చూస్తుండగానే పచ్చటి ముద్ద ఎర్రబడుతుంది. కొత్త దంపతులకు దిష్టి తీసే ఎర్రనీళ్లకు ఆ రంగు వచ్చేదీ ఇలాగే. తరతరాలుగా మన ఇళ్లలో జరుగుతున్న ఈ రంగుమార్పు ఒక రసాయన పరీక్ష. పసుపులోని కుర్కుమిన్‌కు క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చబడుతుంది.

నిజామాబాద్ వాళ్లకు పసుపు గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. పంట చేతికొచ్చే రోజుల్లో ఆ ఊరి మార్కెట్ యార్డు నిండా పసుపు కుప్పలే. అక్కడినుంచి బోధన్ దారి పడితే చెరకు సీమ. చెరకు రసం చక్కెర కావాలన్నా సున్నం లేనిదే పని జరగదు. ఈ రెంటికీ సంబంధం లేదనిపించే మూడో చోటు ఒకటుంది. అది ఊళ్లో ఫోటో స్టూడియో వెనక ఉండే చీకటి గది. ఎర్ర బల్బు వెలుగులో ప్రింట్లు, కటిక చీకట్లో రీళ్లు కడిగిన గది అది. ఆ రోజుల్లో ఎవరూ ‘డెవలప్ చేయించాం’ అనేవారు కాదు, ‘రీలు కడిగించాం’ అనేవారు. ఆ కడిగే నీళ్లలో పసుపు కొమ్ము ముంచితే చాలాసార్లు ఎర్రబడేది. ఎందుకంటే నలుపు తెలుపు ఫోటో దాదాపు ఎప్పుడూ క్షారంలోనే పుట్టింది.

ఆ క్షారం ఎంత ఘాటుగా ఉందన్నది ఒక ప్రశ్న. పని జరుగుతున్నంతసేపూ తగ్గకుండా నిలబడుతుందా అన్నది ఇంకో ప్రశ్న. రెండూ ఒకటే అనుకోవడం వల్ల ఎన్నో రీళ్లు పాడయ్యాయి. ఈ తేడాను అర్థం చేసుకోవడానికి చీకటి గదిలోకి వెళ్లేముందు బోధన్ దాకా వెళ్లి రావాలి.

షక్కర్‌నగర్ నేర్పే పాఠం

మంజీర నది మీద నిజాంసాగర్ జలాశయం 1931లో పూర్తయింది. దాని కాలువల నీళ్లతో బోధన్ చుట్టుపక్కల చెరకు విరివిగా పండింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. దాని చుట్టూ ఏర్పడ్డ కాలనీకి షక్కర్‌నగర్ అనే పేరు వచ్చింది. షక్కర్ అంటే చక్కెరే. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటిగా అది పేరు మోసింది.

గానుగ దాటి వచ్చిన చెరకు రసం కొంచెం ఆమ్లంగా ఉంటుంది. పీహెచ్ లెక్కలో 5 నుంచి 5.5 వరకు. పీహెచ్ అనే కొలతను 1909లో సోరెన్సన్ అనే శాస్త్రవేత్త కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో రూపొందించాడు. అందులో 7 తటస్థం. దానికి కింద ఆమ్లం, పైన క్షారం. ఒక్కో మెట్టు ఎక్కితే క్షార బలం పది రెట్లు పెరుగుతుంది.

ఆమ్లంగా ఉన్న రసాన్ని అలాగే కాగబెడితే చక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. అవి పలుకు కట్టవు, మొలాసిస్‌లోకి పోతాయి. అందుకే రసంలో సున్నపు పాలు పోస్తారు. సున్నం మోతాదు మించితే ఆ గ్లూకోజు, ఫ్రక్టోజు చెడి రసం రంగు ముదురుతుంది. అటూ ఇటూ పోకుండా పీహెచ్‌ను 7కు కాస్త పైన నిలపాలి. మన దేశంలో చాలా మిల్లులు సున్నపు పాలతోపాటు గంధకం మండించిన వాయువును కూడా రసంలోకి పంపుతాయి. రెండూ కలిసి కాల్షియం సల్ఫైట్‌గా మారి, మలినాలను పట్టుకుని మడ్డిలా కిందికి దిగుతాయి. ఈ ‘సల్ఫైట్’ అనే మాటను గుర్తుపెట్టుకోండి, చీకటి గదిలో మళ్లీ ఎదురవుతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మంచినీళ్లలో చిటికెడు సున్నం వేస్తే పీహెచ్ ఒక్క గెంతులో 11 దాటుతుంది. అంతే సున్నం అంతే చెరకు రసంలో వేస్తే కొంచెమే కదులుతుంది. రసంలో సహజంగా ఉండే అకోనిటిక్ ఆమ్లం, ఫాస్ఫేట్లు వచ్చిన సున్నాన్ని వచ్చినట్టే తమలో కలుపుకుంటాయి. అవి తీరిపోయాకే పీహెచ్ పైకి లేస్తుంది. ఇలా ఆమ్లం వచ్చినా క్షారం వచ్చినా పీహెచ్‌ను ఉన్నచోటే ఆపడానికి ప్రయత్నించే గుణాన్ని బఫర్ అంటారు.

నీటిమట్టం, నీటి నిల్వ

బఫర్‌ను అర్థం చేసుకోవడానికి చెరకు రైతుకు తెలిసిన ఉదాహరణ చాలు. కాలువలో నడుం లోతు నీళ్లున్నాయంటే అది మట్టం. ఆ మట్టం ఎన్నాళ్లుంటుందన్నది మాత్రం వెనక జలాశయంలో ఎంత నిల్వ ఉందన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. నిజాంసాగర్‌లో పూడిక చేరి నిల్వ తగ్గిపోవడం చూసిన ఆయకట్టు రైతుకు ఈ రెంటికీ తేడా ఎంత ఖరీదైనదో బాగా తెలుసు. పీహెచ్ కాలువలోని మట్టం లాంటిది. బఫర్ శక్తి వెనక ఉన్న నిల్వ.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. ఒక గాజు గ్లాసులో సగం దాకా సున్నపు తేట తీసుకోండి. ఇంకో గ్లాసులో అన్నే నీళ్లు పోసి అర చెంచా బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేట్ కలపండి. రెంటిలోనూ చిటికెడు పసుపు వేస్తే రెండూ ఎర్రబడతాయి. ఘాటు సున్నపు తేటదే ఎక్కువ. దాని పీహెచ్ 12 దాటుతుంది. సోడా నీళ్లది 11.5 దరిదాపుల్లో ఉంటుంది. ఇప్పుడు రెంటిలోనూ చెంచాతో నిమ్మరసం కలుపుతూ పోండి. ఘాటైన సున్నపు తేట ఒకటి రెండు చెంచాలకే ఎరుపు వదిలేస్తుంది. సోడా నీళ్లు దానికి కొన్ని రెట్లు నిమ్మరసం తాగాకే పచ్చబడతాయి. ఇంకా పోస్తే నురగతో పొంగుతాయి. సున్నపు నీళ్లు కంట్లో పడకుండా జాగ్రత్త పడాలి, పిల్లలు చేస్తుంటే పక్కన పెద్దవాళ్లుండాలి.

సున్నం నీళ్లలో కరిగేది చాలా కొద్ది. లీటరుకు రెండు గ్రాములు కూడా కరగదు. కరిగినదంతా ఒక్కసారే బయటపడి మట్టాన్ని పైకెత్తుతుంది, వెనక ఏమీ మిగలదు. సోడా అలా కాదు. తన బలంలో కొంతే బయటపెట్టి మిగతాది దాచుకుంటుంది. ఆమ్లం వచ్చి ఎంత తినేస్తే అంత లోపలినుంచి తీసి ఇస్తుంది. ఫోటో కడిగేవాడికి కావలసింది ఈ దాచుకునే గుణమే.

ఫిల్మ్ మీద ఏం జరుగుతుంది

ఫిల్మ్ మీద ఉండేది జెలటిన్ పొర. అందులో సిల్వర్ బ్రోమైడ్ రేణువులు లెక్కలేనన్ని పొదిగి ఉంటాయి. కెమెరా కన్ను తెరిచిన ఆ క్షణంలో వెలుగు తాకిన రేణువుల మీద కొద్ది వెండి పరమాణువుల గుంపు ఏర్పడుతుంది. అదే కంటికి కనబడని గుప్తబింబం. రీలు కడిగే మందును డెవలపర్ అంటారు. అది ఆ రేణువులను వెతికి పట్టుకుని, ఎలక్ట్రాన్లు అందించి, రేణువు మొత్తాన్నీ నల్లటి వెండిగా మారుస్తుంది. వెలుగు తాకని రేణువులు అలాగే ఉండిపోతాయి. వాటిని తర్వాత హైపో అనే ఇంకో మందు కరిగించి తీసేస్తుంది.

ఎలక్ట్రాన్లు ఇచ్చే పని హైడ్రోక్వినోన్, మెటాల్ వంటి పదార్థాలది. హైడ్రోక్వినోన్ డెవలపర్‌గా పనికొస్తుందని 1880లో అబ్నీ చూపించాడు. మెటాల్ 1891లో వచ్చింది. ఇవి ఎలక్ట్రాన్ సులువుగా వదులుకోవాలంటే ముందు వీటినుంచి ఒక హైడ్రోజన్ ఊడి రావాలి. దాన్ని లాగేసేది క్షారం. అందుకే క్షారం లేని డెవలపర్ నిద్రపోతున్నట్టు ఉంటుంది. పీహెచ్ 9 కన్నా కింద హైడ్రోక్వినోన్ ఒంటరిగా దాదాపు ఏ పనీ చేయదు. 10 దాటాక చురుకవుతుంది. మెటాల్ 8 దగ్గరే పని మొదలుపెడుతుంది. రెంటినీ కలిపితే విడివిడిగా చేసే పనుల మొత్తం కన్నా ఎక్కువ చేస్తాయి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వెండి పుట్టే ప్రతిచోటా ఆమ్లం కూడా పుడుతుంది. తేలిక లెక్కలో ఒక్కో వెండి పరమాణువుకు ఒక్కో ఆమ్ల కణం. పీహెచ్ 10 ఉన్న నీళ్లు ఒక లీటరు ఉన్నాయనుకుందాం, వెనక బఫర్ ఏమీ లేదు. ఆ లీటరులోని క్షారమంతా తీరిపోవడానికి దాదాపు 11 మిల్లీగ్రాముల వెండి పుడితే చాలు. డెవలపర్ తన గొయ్యి తానే తవ్వుకుంటుందన్నమాట. ఇప్పుడు ఫోటో కాగితాలు కడిగే కొడాక్ సంస్థ డెవలపర్ డి-72 చూడండి. దాని లీటరు మూల ద్రావణంలో సోడియం కార్బొనేట్ 80 గ్రాములు ఉంటుంది. క్షారం లెక్క ఒక్కటే చూస్తే అది 70 గ్రాముల వెండికి సరిపోతుంది. అంతకు ఎంతో ముందే మిగతా మందులు అయిపోతాయి. 11 మిల్లీగ్రాములకూ 70 గ్రాములకూ ఉన్న దూరమే బఫర్ విలువ.

వెలిగారం కథ

క్షారాల్లో ఒక్కోదానిది ఒక్కో స్వభావం. కాస్టిక్ సోడా పీహెచ్‌ను 12 పైకి తీసుకుపోతుంది గాని బఫర్ శక్తి తక్కువ. గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను పీల్చి తనంతట తానే బలహీనపడుతుంది. సోడియం కార్బొనేట్ 10 దాటినచోట బాగా నిలబడుతుంది. ప్రింట్లు రెండు నిమిషాల్లో తేలాలంటే అదే కావాలి. మూడోది మన కంసాలులు బంగారం అతకడానికి వాడే వెలిగారం, అంటే బోరాక్స్. దాని పీహెచ్ 9.2 దగ్గర ఉంటుంది. నెమ్మదిగా పనిచేస్తుంది, స్థిరంగా ఉంటుంది.

సినిమా నెగెటివ్‌ల నకళ్లు తీయడం కోసం 1927లో కొడాక్ సంస్థ డి-76 అనే సూత్రాన్ని బయటపెట్టింది. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, వెలిగారం 2 గ్రాములు. ప్రపంచమంతటా స్టూడియోల్లో, ల్యాబుల్లో దశాబ్దాల తరబడి నడిచింది ఈ సూత్రమే. ఇందులో వెలిగారం రెండు గ్రాములే అని గమనించండి. పీహెచ్ సుమారు 8.5. నెగెటివ్ మీద రేణువు మెత్తగా, మధ్య ఛాయలు నిండుగా రావడానికి ఈ నెమ్మదితనం తోడ్పడుతుంది.

బోధన్ రసంలో కనబడ్డ సల్ఫైట్ ఇక్కడ మళ్లీ వచ్చింది. రసంలో దాని జత కాల్షియం, ఇక్కడ సోడియం. గాలి తగిలి డెవలపర్ చెడిపోకుండా అది కాపలా కాస్తుంది. వెండి రేణువుల అంచులను కొంచెం కరిగించి వాటిని సన్నబరుస్తుంది. అయితే సీసాలో నిల్వ ఉన్న డి-76లో ఒక వింత జరుగుతుంది. హైడ్రోక్వినోన్ గాలిలోని ఆక్సిజన్‌తో, సల్ఫైట్‌తో కలిసి మారేటప్పుడు కొంత క్షారం విడుదలవుతుంది. రెండు గ్రాముల వెలిగారం దాన్ని అదుపు చేయలేదు. దాంతో పీహెచ్ మెల్లగా పైకి పాకుతుంది. నిన్న సరిగ్గా వచ్చిన రీలు వారం తర్వాత అదే సమయానికి ముదురుగా, కాంట్రాస్ట్ ఎక్కువై వస్తుంది. మందు పాతబడితే బలం తగ్గాలి గదా, ఇదేమిటి పెరిగింది అని కడిగేవాడు తల పట్టుకుంటాడు.

దీనికి కొడాక్ వాళ్లే విరుగుడు చెప్పారు. డి-76డి అనే సూత్రంలో వెలిగారాన్ని 8 గ్రాములకు పెంచి, దానికి జోడీగా బోరిక్ ఆమ్లం 8 గ్రాములు చేర్చారు. డెవలపర్‌లో ఆమ్లం వేయడమేమిటని మొదట విడ్డూరంగా ఉంటుంది. ఒకటి పైకి లాగితే ఇంకోటి కిందికి లాగుతుంది, పీహెచ్ దాదాపు పాతచోటే ఉంటుంది. కానీ వెనక నిల్వ మాత్రం బాగా పెరిగింది. కడిగేటప్పుడు పుట్టే ఆమ్లాన్ని వెలిగారం, నిల్వలో పుట్టే క్షారాన్ని బోరిక్ ఆమ్లం చూసుకుంటాయి. మట్టాన్ని కదపకుండా జలాశయాన్ని పెద్దది చేయడమంటే ఇదే.

అలాగని బఫర్ ఎంత ఎక్కువుంటే అంత మేలనుకోవడం పొరపాటు. నెగెటివ్‌లో బాగా వెలుగు తగిలిన చోట ఎక్కువ వెండి పుడుతుంది, ఎక్కువ ఆమ్లం పుడుతుంది. బఫర్ తక్కువున్న పల్చటి డెవలపర్‌లో ఆ చోట క్షారం, మందు త్వరగా తీరిపోయి పని మందగిస్తుంది. నీడ భాగాల్లో మాత్రం పని సాగుతూనే ఉంటుంది. ఎర్రటి ఎండలో తీసిన ఫోటోలో తెల్లచొక్కా, నల్లటి నీడ రెండూ వివరంగా రావడానికి ఇది పనికొస్తుంది. అయితే ట్యాంకును ఎప్పుడు, ఎంత కదపాలో తెలిసుండాలి. కదిపిన ప్రతిసారీ జెలటిన్ పొరకు తాజా క్షారం అందుతుంది. అసలు కదపకపోతే చారలు, మరకలు పడతాయి. నేర్పరితనమంటే ఎక్కడ నిల్వ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో తెలియడమే.

మన నీళ్లు, మన ఎండలు

ఈ సూత్రాలన్నీ దాదాపుగా చల్లటి దేశాల్లో రాసినవి. వాటిలో లెక్కంతా 20 డిగ్రీలకు. నిజామాబాద్‌లో మే నెలలో గాలి 44, 45 డిగ్రీలకు చేరినప్పుడు మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు. జెలటిన్ వేడికి ఉబ్బుతుంది, క్షారానికీ ఉబ్బుతుంది. రెండూ కలిస్తే పొర మెత్తబడి అంచుల్లో లేచిపోతుంది, ముడతలు పడుతుంది. అందుకే వేడి ప్రాంతాల డెవలపర్లలో కార్బొనేట్ వదిలేసి మృదువైన మెటాబోరేట్ వాడతారు, జెలటిన్ ఉబ్బకుండా సోడియం సల్ఫేట్ కలుపుతారు. కొడాక్ డి.కె.-15 అలాంటిదే. ట్రే చుట్టూ ఐసు ముక్కలు పేర్చుకోవచ్చు గాని మందులో వేయకూడదు. కరిగిన ఐసు మందును పల్చన చేస్తుంది.

రెండోది బోరు నీళ్లు. గిన్నెకు అడుగున తెల్లటి పొర కట్టే నీళ్లంటే వాటిలో కాల్షియం ఉందని అర్థం. సోడియం కార్బొనేట్ ఆ నీళ్లలో పడగానే కాల్షియం కార్బొనేట్‌గా సుద్దలా విరుగుతుంది. ఆ తెల్లటి పొడి ఫిల్మ్ మీద గీతలు పెడుతుంది, అంతమేరకు సోడా కూడా వృథా అవుతుంది. కాచి చల్లార్చి వడకట్టిన నీళ్లు, అంతకన్నా బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ మేలు.

మూడోది సోడా పొట్లం. సోడియం కార్బొనేట్ మూడు రూపాల్లో దొరుకుతుంది. నీరు లేని పొడి 100 గ్రాములు వేయాల్సిన చోట, కొంచెం నీరు పట్టుకున్న మోనోహైడ్రేట్ అయితే 117 గ్రాములు, పెద్ద పలుకుల స్ఫటిక సోడా అయితే 270 గ్రాములు కావాలి. ఏ రూపమో చూసుకోకుండా తూచితే డెవలపర్‌కు అందాల్సిన క్షారంలో సగం కూడా అందకపోవచ్చు. వంట సోడా వేస్తే ఇక పనే జరగదు. దాని పీహెచ్ 8.3 మాత్రమే. అయితే వంట సోడాను మూకుడులో బాగా వేయిస్తే కార్బన్ డై ఆక్సైడ్, నీటి ఆవిరి పోయి అదే బట్టల సోడాగా మారుతుంది.

నాలుగోది, సోడా నీళ్లలో నిమ్మరసం పిండినప్పుడు పొంగిన నురగ. కార్బొనేట్ డెవలపర్‌లోంచి తీసిన ఫిల్మ్‌ను, డెవలపర్ పనిని ఆపే ఘాటైన ఆమ్లపు స్టాప్ బాత్‌లో ముంచితే ఆ బుడగలే జెలటిన్ లోపల పుట్టి సూది మొనంత రంధ్రాలు చేయగలవు. మధ్యలో ఒకసారి మంచినీళ్లలో ముంచితే, లేదా స్టాప్ బాత్ పల్చగా కలిపితే ఆ ముప్పు తప్పుతుంది.

మిగిలిన వెండి

ఈ నేల మీద ఫోటో విద్యకు పాత చరిత్రే ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1880ల్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. గాజు పలకల మీద ఆయన తీసిన నెగెటివ్‌లు వేల సంఖ్యలో నేటికీ భద్రంగా ఉన్నాయి. ఆ కాలంలో పలకలను పైరోగాలాల్ (పైరో) అనే డెవలపర్ మందుకు అమ్మోనియా లేదా సోడా కలిపి కడగడం వాడుక. తర్వాతి తరాల్లో ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో చేసిన ఫిల్ములు, కాగితాలు దేశమంతటా స్టూడియోలకు చేరాయి. గాజు పలక పోయి ప్లాస్టిక్ రీలు వచ్చింది, పైరో పోయి మెటాల్ వచ్చింది. క్షారం అవసరం మాత్రం పోలేదు.

ఇప్పుడు ఊటీ కంపెనీ లేదు. షక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో 2015 డిసెంబర్‌లో లాకౌట్ పడింది. స్టూడియోల చీకటి గదులు సామాన్ల గదులయ్యాయి. పని పోయినచోట దాన్ని చేసిన చేతుల తెలివి కూడా పోతుందేమో అన్నదే నా బెంగ. రసం రంగు చూసి సున్నం చాలిందో లేదో చెప్పిన మనిషి, వేళ్ల మధ్య జారుడును బట్టి డెవలపర్ బలం పసిగట్టిన మనిషి ఇద్దరూ చేసింది రసాయన శాస్త్రమే. మన బడుల్లో బఫర్ పాఠం వచ్చినప్పుడు పిల్లల ముందు పసుపు, సోడా, నిమ్మకాయ పెట్టి, వాళ్ల ఊరి చెరకు గురించీ వాళ్ల ఇంటి ఆల్బమ్ గురించీ చెప్పాలి. అప్పుడు ఆ పాఠం పరీక్ష అయ్యాక కూడా గుర్తుంటుంది.

మీ ఇంటి బీరువాలో అమ్మానాన్నల పెళ్లి నెగెటివ్ దొరికితే కిటికీ వెలుతురుకు పెట్టి చూడండి. తెల్లటి మధుపర్కాలు అందులో కారునలుపుగా ఉంటాయి. అన్నిటికన్నా ఎక్కువ వెండి పుట్టింది అక్కడే, ఎక్కువ ఆమ్లం పుట్టిందీ అక్కడే. ఆ నలుపులో బట్ట మడతలు ఒక్కొక్కటీ విడిగా కనబడుతున్నాయా? అయితే ఆ రోజు చీకట్లో నిలబడి రీలు కడిగిన మనిషి తన నీళ్లలో క్షారం ఎంతుందో, వెనక నిల్వ ఎంతుందో సరిగ్గా చూసుకున్నాడు.